పేరు చెక్కించుకోవడం నేరమా?

"డజను అరటిపండ్లు, నూరు ఫోటోలు." సేవా క్లబ్బుల మీద మనవైపు చెలామణిలో ఉన్న తీర్పు ఇంతే. ప్రత్తిపాడు సెంటర్లో టీ కొట్టు దగ్గరైనా, గుంటూరు మిర్చి యార్డులో కాటా పక్కనైనా, పెళ్లి భోజనాల బంతిలోనైనా లయన్స్ అనో రోటరీ అనో వాసవి అనో పేరు వినబడితే చాలు, ఎవరో ఒకరు ఈ మాట విసురుతారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. తీర్పు అయిపోతుంది. అప్పీలు లేదు.

నేనూ చాలా ఏళ్లు నవ్వినవాణ్ణే కాబట్టి ఆ తీర్పు బలమేమిటో నాకు తెలుసు. దాన్ని తగ్గించకుండా చెబుతాను. పేరు కోసం చేసేది సేవ కాదు అంటారు. వసూలు చేసిన చందాలు మీటింగుల భోజనాలకే సరిపోతాయి అంటారు. ఏడాదంతా జనం దగ్గర గుంజిన వ్యాపారులు ఒక పూట పుణ్యం కొనుక్కునే చోటు అది అంటారు. ఇప్పుడు అన్నీ ప్రభుత్వమే ఇస్తోంది, ఇంకా వీళ్లెందుకు అంటారు. ఇవ్వాలనే మనసుంటే పేదవాడి చేతిలో నేరుగా పెట్టొచ్చు కదా, మధ్యలో ఈ కోట్లూ పిన్నులూ దేనికి అంటారు. ఇవన్నీ గాలిమాటలు కావు. ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషి చేతిలో ఒక్క పండు పెట్టి, దాన్ని పదకొండు మంది కలిసి పట్టుకున్న ఫోటో నేనూ చూశాను. ఆ రోగి ముఖంలో కనబడింది కృతజ్ఞత కాదు, ఇబ్బంది.

అయినా ఆ తీర్పు తప్పు. తప్పని ఊరుకుంటే చాలదు, దానివల్ల ఊరికి నష్టం జరుగుతోంది. వరసగా చూద్దాం.

1. పేరు కోసం చేసేది సేవ కాదట

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదనే మాట మన ఊళ్లలో గుడి అరుగు మీదా వింటాం, చర్చిలోనూ వింటాం. మంచి మాటే. కాకపోతే అది ఎవరి జేబులో డబ్బు వాళ్లు ఇచ్చేటప్పటి మర్యాద. పదిమంది దగ్గర పోగుచేసి పదకొండోవాడికి ఇచ్చేటప్పుడు రెండు చేతులకూ తెలియాలి, ఊరికీ తెలియాలి. ఊరుమ్మడి డబ్బు దగ్గర గుప్తదానం అనేది సుగుణం కాదు, అది లెక్క చెప్పకుండా తప్పించుకునే సందు.

వినాయక చవితి చందా సంగతే చూడండి. ట్రాక్టరు అడ్డంపెట్టి వసూలు చేసిన డబ్బుకు కోశాధికారి ఎవరో చెప్పగలరా? లడ్డూ వేలంలో వచ్చిన సొమ్ము ఏమైందో ఏ గోడమీదైనా రాసి ఉందా? అడిగినవాడు భక్తి లేనివాడు అవుతాడు. అదే క్లబ్బు విషయానికొస్తే, జిల్లా ఎడిషన్లో అంగుళమంత వార్త పడుతుంది: ఫలానా ఆయన అధ్యక్షుడు, ఫలానా ఆయన కార్యదర్శి, ఫలానా ఆయన కోశాధికారి. ఆ వార్త చూసి నవ్వుకుంటాం, "వీళ్ల గోల మనకెందుకు" అని. కానీ ఊళ్లో ఉమ్మడి డబ్బు పట్టుకున్న మనిషి పేరు అచ్చులో దొరికే చోటు అదొక్కటే. ఎవరిని నిలదీయాలో ఆ వార్త చెబుతుంది. నిలదీయకపోవడం మన బద్ధకం.

పేరు వేయించుకోవడం కొత్తగా వచ్చిన జబ్బు అనుకునేవాళ్లు ఒకసారి అమరావతి దాకా వెళ్లిరావాలి. ఇక్కణ్ణుంచి గుంటూరు మీదుగా పూట ప్రయాణం. అక్కడి బౌద్ధ స్తూపం పలకలు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియాలకు తరలిపోయాయి కానీ వాటి మీది రాతలను పండితులు చదివి అచ్చువేశారు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. ఆ రాతల్లో ఎక్కువ భాగం ఏమిటనుకున్నారు? దాతల పేర్లు. వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు. వాళ్లలో ఒకడు విధికుడు. చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చాడు. ఇచ్చి, ఆ సంగతి పలక మీదే రాయించాడు. తోలు పని చేసుకునే మనిషి ఈ నేల మీద ఒకనాడు దాతగా తలెత్తుకు నిలబడ్డాడని మనకు తెలిసింది ఆయన పేరు చెక్కించుకోబట్టే. ఆయన గుప్తదానం చేసి ఉంటే చరిత్రలో రాజులూ రాణులే మిగిలేవారు.

ఆ పలకలో ఇంకొక సంగతి ఉంది. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, అంతవరకే. తీసుకున్నవాడి ముఖం లేదు. తీసుకున్నది స్తూపం, దానికి ముఖమెక్కడిది అంటారా? సరే, ఒప్పుకుంటాను. పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది. ఇచ్చినవాడి పేరు వేయండి, ఎంతిచ్చాడో వేయండి, దేనికి ఖర్చయిందో వేయండి. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని బెంచీ మీద వరసగా కూర్చున్న ముసలమ్మల ఫోటో వేయకండి. కుట్టుమిషను అందుకుంటున్న వితంతువు ఫోటో అసలే వద్దు. ఆవిడ పిల్లలు రేపు బడికి పోవాలి.

అంటే జనానికి ఒళ్లు మండుతున్నది ఫోటో చూసి కాదు, ఆ ఫోటోలో ఎవరిని నిలబెట్టారో చూసి. ఈ రెంటినీ కలిపేసి మొత్తం ప్రచారమే తప్పనడం, దొంగనోటు దొరికిందని డబ్బే వద్దనడం లాంటిది.

2. చందాలన్నీ భోజనాలకే పోతాయట

దీనికి జవాబు చిన్నది. జనం దగ్గర సేవ పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము, ఆ కార్యక్రమానికి నేరుగా అయిన ఖర్చు పోను, తిరిగి జనానికే చేరాలి. క్లబ్బు నడపడానికి, మీటింగుల్లో తినడానికి, శాలువాలు కప్పుకోవడానికి సభ్యులు కట్టే రుసుమే వాడుకోవాలి. ఇది లయన్స్ సంస్థ రాసుకున్న నియమం. అందుకే ప్రతి క్లబ్బూ పరిపాలన పద్దు ఒకటి, సేవా పద్దు ఒకటి విడివిడిగా పెట్టుకోవాలి. సభ్యులు తింటున్న బిర్యానీ సభ్యుల డబ్బుదే అయితే మన కడుపుమంట దేనికి? పేకాట క్లబ్బులో కూర్చుని తింటే అడగని వాళ్లం, అదే మనిషి నెలకోసారి ఇక్కడ తింటే ఎందుకు లెక్కపెడతాం?

ఇలా అన్నంత మాత్రాన అన్ని క్లబ్బులూ ఆ నియమం పాటిస్తున్నాయని హామీ ఇవ్వడానికి నేనెవరిని? పాటించని చోటు ఉంటే అక్కడ అడగాల్సింది "సేవా పద్దు చూపించండి" అని. ఆ మాట ఎంతమంది అడిగారు? చందా ఇచ్చేటప్పుడు రసీదు వద్దనేది మనమే. "రాయకండి సార్, ఇన్‌కం ట్యాక్సు గొడవ" అని నోట్లు చేతిలో పెట్టేదీ మనమే. రెండు వేలు దాటిన నగదు చందాకు ఎటూ పన్ను మినహాయింపు రాదు. అయినా అలవాటు పోదు. రసీదు తీసుకోనివాడికి లెక్క అడిగే నోరు ఉండదు. నోరు లేనప్పుడు మిగిలేది ఎగతాళే.

ఒకచోట మాత్రం విమర్శకుల పక్షాన నిలబడతాను. వెయ్యి డాలర్లు అంతర్జాతీయ నిధికి కట్టినవారికి లయన్స్‌లో మెల్విన్ జోన్స్ ఫెలో, రోటరీలో పాల్ హారిస్ ఫెలో అనే గౌరవం దక్కుతుంది. దాన్ని డాక్టరేటులాగా పేరు వెనక తగిలించుకుని పెళ్లి శుభలేఖల మీద కూడా అచ్చువేయించుకోవడం నవ్వు తెప్పించే పనే. నవ్వండి. కానీ ఆ వెయ్యి డాలర్లు ఆయన సొంత డబ్బని మరిచిపోకుండా నవ్వండి.

3. వ్యాపారులు పాపం కడుక్కునే రేవట

ఐదు మాటల్లోనూ పస ఉన్న మాట ఇది. అందుకే ఇక్కడ కాసేపు ఆగాలి.

పత్తి, మిరప పండే ఈ నల్లరేగడి మండలాల్లో క్లబ్బు సభ్యుల జాబితా తీస్తే ఎవరుంటారు? ఎరువులు, పురుగుమందుల కొట్టాయన. జిన్నింగు మిల్లులో వాటాదారు. కమీషన్ ఏజెంటు. కోల్డ్ స్టోరేజీ ఆయన. ప్రైవేటు బడి కరస్పాండెంటు. ఎల్ఐసీ ఏజెంటు. ఒకరిద్దరు డాక్టర్లు, మాస్టార్లు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏం జరిగిందో ఇక్కడ యాభై దాటిన ఎవరికీ చెప్పనక్కర్లేదు. మందు మీద మందు కొట్టారు, కొట్టిన మందుకల్లా అప్పు పెరిగింది, చివరికి ఆ మందే తాగారు. అలాంటి నేల మీద మందుల కొట్టాయన ఉచిత వైద్య శిబిరం ప్రారంభిస్తూ రిబ్బను కత్తిరిస్తే రైతుకు నవ్వు రాదా? వస్తుంది. రావాలి కూడా.

అయితే ఆ నవ్వుతో ఆయనకు పోయేదేమిటి? ఏమీ లేదు. మనం నవ్వుకుంటాం, ఆయన అమ్ముకుంటాడు. ఆయన్ను ఇరుకున పెట్టే ఆయుధం వేరే ఉంది, అది ఆయన గోడకే వేలాడుతోంది.

1905 ఫిబ్రవరి 23న షికాగోలో రోటరీ మొదలైనప్పుడు ఆ గదిలో కూర్చున్నది నలుగురు: పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ. దానధర్మాల కోసం కాదు, పరాయి నగరంలో నమ్మకంగా వ్యాపారం చేసుకునే స్నేహాల కోసం కలిశారు. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కూర్చునేవారు కాబట్టి రోటరీ అన్నారు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కో సభ్యుణ్ణి తీసుకోవడం, వృత్తిలో నిజాయితీని సేవలో భాగంగా లెక్కించడం దాని పునాదుల్లో ఉన్నాయి. 1932లో దివాలా అంచున ఉన్న అల్యూమినియం పాత్రల కంపెనీని ఎత్తుకున్న హెర్బర్ట్ టేలర్ తన ఉద్యోగుల కోసం నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. 1943లో రోటరీ వాటిని తనవిగా చేసుకుంది. చెప్పేది నిజమా, అందరికీ న్యాయమా అనే వరసలో సాగుతాయి. ఇప్పటికీ రోటరీ సభల్లో వాటిని చదువుతుంటారు. కొట్టాయన గోడకు వేలాడే ఆయుధం అవే. అదే కాలపు మనిషి, 1917లో లయన్స్‌కు ఆద్యుడైన మెల్విన్ జోన్స్ కూడా ఇన్సూరెన్సు ఏజెంటే. మన క్లబ్బుల నిండా ఎల్ఐసీ వాళ్లే ఎందుకని ఆశ్చర్యపోయేవాళ్లకు ఈ సమాచారం ఉచితం.

కాబట్టి మందుల కొట్టాయన రోటరీ పిన్ను పెట్టుకుని కనబడితే తలతిప్పుకుని నవ్వొద్దు. ఎదురుగా వెళ్లి ఆయన ఒప్పుకున్న మొదటి ప్రశ్నే వేయండి. "అయ్యా, కిందటి వారం నాకిచ్చిన బయో మందు డబ్బా మీద రాసి ఉన్నది నిజమా? దానికి బిల్లు ఇవ్వకుండా తెల్లకాగితం చీటీ ఎందుకిచ్చారు? అప్పు మీద వడ్డీ ఎంతో ముందే చెప్పారా?" క్లబ్బులో లేని కొట్టాయన్ను ఇలా అడిగితే "ఇష్టముంటే తీసుకో" అంటాడు. క్లబ్బులో ఉన్నాయన అలా అనలేడు, పదిమందిలో మాట ఇచ్చి ఉన్నాడు. పిన్ను ఆయనకు అలంకారం అనుకుంటున్నాం. నిజానికి అది మన చేతికి దొరికిన జుట్టు.

నవ్వేవాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే అసలు ప్రశ్న. ఈ క్లబ్బుల్లో ఎవరు లేరు? ప్రత్తిపాడు 2009 ఎన్నికల నుంచీ ఎస్సీలకు రిజర్వయిన నియోజకవర్గం. కాలనీ నుంచి శాసనసభకు వెళ్లే దారి రాజ్యాంగం వేసింది. కాలనీ నుంచి క్లబ్బు మీటింగు హాలుకు దారి ఎవరు వేస్తారు? 1961లో హైదరాబాదులో పుట్టిన వాసవి క్లబ్బులు ఆర్యవైశ్యుల సంస్థ. ఆ సంగతి వాళ్లు దాచుకోలేదు. దాచుకునేది మిగతావాళ్లు. నియమావళిలో అందరికీ తలుపు తెరిచే ఉంటుంది, గుమ్మంలోకి పిలుపు మాత్రం బంధువులకూ బీరకాయ పీచు చుట్టాలకూ వెళుతుంది. ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. 1987 దాకా రోటరీ, లయన్స్ రెండూ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోలేదు. రోటరీ తలుపు అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే కదిలింది. తెల్లవారుజామున ఆటోలో ఇరుక్కుని మిరప కోతకు పోయే మనిషి ఈ క్లబ్బుల లెక్కలో ఇప్పటికీ తీసుకునే చెయ్యే. ఇచ్చే చెయ్యి కాదు. విధికుణ్ణి దాతగా నిలబెట్టిన నేల మీద ఇది వెనకడుగు. క్లబ్బుల మీద కోపం తెచ్చుకోవాలంటే ఇక్కడ తెచ్చుకోండి, నేనూ వస్తాను. అరటిపండు దగ్గర ఆగిపోతే ఈ ప్రశ్న దాకా ఎవరమూ రాము.

4. అన్నీ ప్రభుత్వమే ఇస్తోందట

2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలు. ఒకటో తారీఖున గుమ్మం దగ్గరికే వస్తోంది. బాగుంది. శుక్లం ఆపరేషన్ గుమ్మం దగ్గరికి రాదు.

ఆపరేషన్ ఉచితమే. పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రి లాంటివి పల్లెల్లో శిబిరం పెట్టి, అవసరమైనవాళ్లను బస్సులో తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి తిరిగి దింపిపోతాయి. అయినా మా బజార్లో పూచికపుల్ల కనబడని మనుషులు ఉన్నారు. ఎందుకు? ఉచితమైనది అందుబాటులో ఉన్నట్టు కాదు కాబట్టి. ఆటోకు మైకు కట్టి శిబిరం సంగతి ఊరంతా చెప్పాలి. బీపీ, షుగరు ముందే చూసి, ఎక్కువున్నవాళ్లకు మందు మింగించాలి. కొడుకు హైదరాబాదులో ఉన్న ముసలాయన పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. తిరిగొచ్చాక నెల రోజులు చుక్కలు వేయాలి, తలస్నానం చేయకుండా, కన్ను నలపకుండా కాపలా కాయాలి. ఇందులో డాక్టరు చేసేది ఒక్క పూట పని. మిగతాదంతా ఊరు చేయాలి.

ఒక శిబిరంలో పేర్లు రాసే పనికి కూర్చున్నప్పుడు ఒకావిడ వచ్చి, రాయించుకుని, మళ్లీ వచ్చి కొట్టేయమంది. "కోతలైపోనీ అయ్యా. కల్లంలో కూర్చుని తాలుకాయ ఏరేది నేనేగా. ఆ ఘాటుకు ఆపరేషన్ చేసిన కన్ను నిలుస్తుందా?" అంది. జనవరి మొదలు ఎండలు ముదిరేదాకా మిరపకోతలు, కల్లాలు. ఆ రోజుల్లో ఇక్కడ శిబిరం పెడితే కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఈ సంగతి విజయవాడలో కూర్చుని క్యాలెండరు గీసేవాళ్లకు తెలియదు. ఊళ్లో మిరప అమ్ముకుని బతికే క్లబ్బు సభ్యుడికి తెలుసు. ఆయన చేయగల సేవ అదే: డబ్బు కాదు, తేదీ మార్చడం.

దీన్నే ప్రపంచం అంత పెద్దదిగా చూడాలంటే పోలియో ఉంది. రోటరీ 1985లో పోలియో మీద పని మొదలుపెట్టింది, ఇప్పటికి రెండు వందల కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో వచ్చింది. 2009లో కూడా మన దగ్గర 741 కేసులు, ఆ ఏడు ప్రపంచం మొత్తం మీద వచ్చినవాటిలో దాదాపు సగం. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న దేశం పోలియో లేనిదని ధ్రువపత్రం అందింది. ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసింది ఏఎన్ఎమ్‌లు, అంగన్‌వాడీలు, ఆశాలు. ఆ గొప్పతనం ముందు వాళ్లకే దక్కాలి, క్లబ్బుల ఫ్లెక్సీల మీద వాళ్ల పేర్లు ఉండకపోవడం నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. కానీ డబ్బు నిలకడగా వచ్చిందన్నా, బస్టాండులో బల్ల వేసుకుని కూర్చునే మనుషులు ఏడాది తర్వాత ఏడాది దొరికారన్నా దాని వెనక క్లబ్బులున్నాయి. ప్రభుత్వమా క్లబ్బా అని తూకం వేసేవాళ్లకు పోలియో దగ్గర రాళ్లు దొరకవు.

ఇంకొక తమాషా. అన్నీ ప్రభుత్వమే ఇస్తోందని మనం అనుకుంటుంటే, ప్రభుత్వమేమో దాతల్ని వెతుక్కుంటోంది. 1997లో జన్మభూమి పేరుతో ఊరివాటా అడిగింది. 2025 ఉగాదినాడు పీ4 పేరుతో ఉన్నవాళ్లను మార్గదర్శులుగా రమ్మని, లేనివాళ్లను బంగారు కుటుంబాలుగా చూపించి దత్తత తీసుకోమంది. దాత ఉంటే సరిపోదు. ఏ ఇంట్లో ఏం కావాలో, ఇచ్చింది చేరిందో లేదో చూసే మనుషుల గుంపు ఊళ్లో ఉండాలి. ఆ గుంపును ఎగతాళి చేసి చెల్లాచెదరు చేశాక ప్రభుత్వం ఎవరిని పిలుస్తుంది? పార్టీ జెండా పట్టుకున్నవాణ్ణి పిలుస్తుంది.

5. నేరుగా ఇచ్చుకోవచ్చుగా అట

చచ్చినవాడు తన కళ్లు తాను నేరుగా ఇచ్చుకోలేడు.

కళ్లు దానం చేస్తానని కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉంటారు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఇంట్లో ఏడుపులు, దూరంనుంచి రావాల్సిన కూతుళ్లు, పాడె కట్టే తొందర. ఆ గొడవలో ఎవరో ఒకరు రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తలకింద దిండు ఎత్తి, ఫ్యాను ఆపి, ఐబ్యాంకుకు ఫోను చేయాలి. పెద్దకొడుకును పక్కకు తీసుకెళ్లి, "నాన్నగారు మాటిచ్చారు బాబాయ్" అని నచ్చజెప్పాలి. ఈ పని జీతానికి చేసేది కాదు. నేరుగా చేసేదీ కాదు. ఊళ్లో నలుగురికి నమ్మకమున్న మనిషి, ఆ మనిషి వెనక ఒక సంఘం ఉండాలి. 1925లో అమెరికాలో హెలెన్ కెల్లర్ వచ్చి అంధుల పక్షాన నిలబడమని అడిగిన నాటి నుంచీ లయన్స్ కంటి పనిని తలకెత్తుకున్నారు. ఆ పని మన వీధిలో దిగేది ఇలా, ఒక ఫోను రూపంలో.

రక్తం సంగతీ అంతే. డబ్బుకు రక్తం అమ్ముకునేవాళ్ల వ్యవస్థను 1996లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది, 1998 జనవరి 1 నుంచి అది చట్టవిరుద్ధం. ఇక స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్లే దిక్కు. ఎర్రకణాలు దాచినా ముప్పై అయిదు, నలభై రెండు రోజులు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులు. మగవాళ్లు మూడు నెలలకొకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకొకసారి ఇవ్వొచ్చు. ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే తేలేదేమిటి? నాయకుడి పుట్టినరోజునాడు మూడొందల మంది ఒకేసారి పడుకుని ఇస్తే చప్పట్లు మిగులుతాయి, మే నెలలో కాన్పుకొచ్చిన పిల్లకు రక్తం మిగలదు. తలసేమియా బిడ్డకు రెండు మూడు వారాలకోసారి ఎక్కించాలి, వాడు నాయకుడి పుట్టినరోజు దాకా ఆగలేడు. కావాల్సింది ఎవరు ఎప్పుడిచ్చారు, మళ్లీ ఎప్పుడివ్వగలరు అని రాసిపెట్టుకున్న ఒక పుస్తకం, ఆ పుస్తకం చూసి ఫోను చేసే ఒక మనిషి. వాట్సాప్‌లో "అర్జెంటు, ఓ నెగటివ్" అని వచ్చిన సందేశానికి కదిలిపోయి ఫోను చేస్తే, "మా నాన్నగారు డిశ్చార్జి అయి నెలైందండీ" అన్న అనుభవం మీకూ ఉండే ఉంటుంది. నేరుగా ఇవ్వడం అంటే చాలాసార్లు ఎవరి గోడు గట్టిగా వినబడితే వాళ్లకివ్వడం. గోడు వినిపించే ఫోను లేనివాడి సంగతి?

అలాంటివాళ్లు ఏటా మన పొలాల్లోకే వస్తారు. కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి లారీల్లో పిల్లాజెల్లాతో దిగి పత్తి తీతకూ మిరప కోతకూ చేను గట్టున గుడారాలు వేసుకుంటారు. వాళ్ల రేషన్ కార్డు ఊరు అక్కడ, బతుకు ఇక్కడ. పిల్లల బడి అక్కడ, పిల్లలు ఇక్కడ. ఓటు ఇక్కడ లేదు కాబట్టి నాయకుడికి పట్టదు. బంధువు కాదు కాబట్టి నేరుగా ఇచ్చే దాతకు కనబడరు. ఆ గుడారాలకు తాగే నీళ్ల ట్యాంకరు, పిల్లలకు నాలుగు నెలల పాటు కూర్చునే చోటు, చేతులు మండకుండా తొడుగులు, ఇవి చూడాల్సింది ఇక్కడి సంఘమే. ఎన్ని క్లబ్బులు చూస్తున్నాయి అని నన్నడిగితే తల దించుకుంటాను. కానీ దాన్నిబట్టి అడగాల్సింది క్లబ్బు మూసేయమని కాదు.

ఒంటరి చేతులు ఏం చేయగలవో, కలిసిన చేతులు ఏం చేయగలవో మనకు ఒకరు చెప్పాలా? పక్కనే పెదనందిపాడు. 1922లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో ఆ ఫిర్కా మొత్తం తెల్లదొరకు పన్ను కట్టనంది. ఒక్కో రైతు నేరుగా తన పన్ను తాను ఎగ్గొట్టి ఉంటే ఒక్కో గొడ్డు వేలానికి పోయేది, అంతటితో సరి. శాంతిసేన అని దళం కట్టారు, గ్రామాధికారులు రాజీనామాలిచ్చారు, కాబట్టే సర్కారుకు చెమటలు పట్టాయి. ఇంకొంచెం దక్షిణంగా వేటపాలెం. 1918లో ఊళ్లోని యువకుల సంఘం పెట్టుకున్న సారస్వత నికేతనం ఇవాళ్టికీ పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే గ్రంథాలయం. ఎవరికి వాళ్లు నేరుగా పుస్తకాలు పంచి ఉంటే ఈపాటికి చెదలు తిని ఉండేవి.

6. ఈ నవ్వు ఖరీదు

ఎగతాళి అందరి మీదా ఒకేలా పనిచేయదు. మొహమాటస్తుడైన మాస్టారు, పేరు పడితే బాగుండదని వెనక్కి తగ్గే డాక్టరమ్మ ముందు తప్పుకుంటారు. చర్మం మందంగా ఉన్నవాడు మిగులుతాడు. ఆ మిగిలినవాణ్ణి చూపించి "చెప్పలేదా, క్లబ్బులంటే ఇంతే" అంటాం. మన మాటను మనమే నిజం చేసుకుంటున్నాం.

ఖాళీ అయిన చోటు ఖాళీగా ఉండదు. రక్తదాన శిబిరం నాయకుడి పుట్టినరోజుకు చేరింది. నోటు పుస్తకాల పంపిణీ నాయకుడి కొడుకు పుట్టినరోజుకు చేరింది. అక్కడా ఫ్లెక్సీ ఉంది, ఇరవై అడుగులది. మరి దాన్ని చూసి ఎందుకు నవ్వం? భయం. క్లబ్బు అధ్యక్షుణ్ణి చూసి నవ్వితే ఏమీ కాదు, అందుకే నవ్వుతాం. ఇందులో విమర్శ ఎంత, పిరికితనం ఎంత?

క్లబ్బు అధ్యక్షుడికి ఇంకొక ప్రత్యేకత ఉంది. లయన్స్‌లో, రోటరీలో అయితే జూలై ఒకటిన ఎక్కి జూన్ ముప్పైన దిగిపోతాడు. ఏడాదికొకడు మారడం వల్ల నిరుడు మొదలుపెట్టిన పని ఈ ఏడు గాలికి పోతోందన్న ఆరోపణ నిజం. నిరుటి ఆర్వో ప్లాంటుకు ఈ ఏడు ఫిల్టరు మార్చే దిక్కుండదు, ఎందుకంటే కొత్తాయనకు కొత్త శిలాఫలకం కావాలి. ఇది మానాలి. కానీ దిగిపోవడం అనే అలవాటును తక్కువ చేయొద్దు. మన గుడి కమిటీలో, సొసైటీలో, పార్టీలో కుర్చీ ఎక్కినవాడు తనంతట తాను దిగడం ఎప్పుడు చూశాం? కుర్చీ దిగి, మరుసటి మీటింగులో మామూలు సభ్యుడిగా వెనక వరసలో కూర్చుని కొత్తాయన చెప్పింది వినే మనుషుల్ని తయారుచేసే చోటు మండల కేంద్రంలో ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

జూలైలో కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారం అంటూ కార్డు వస్తుంది. ఈసారి చించేయకండి, వెళ్లండి. దండలు, శాలువాలు, జిల్లా గవర్నరు ఉపన్యాసం అయ్యేదాకా ఓపిక పట్టండి. భోజనానికి లేవమనే ముందు చెయ్యెత్తి అడగండి. నిరుటి సేవా పద్దులో ఎంత జమ, ఎంత ఖర్చు? ఆపరేషన్ చేయించిన కళ్లలో ఎన్ని ఇప్పుడు బాగా చూస్తున్నాయి, ఎవరైనా వెళ్లి చూశారా? కాలనీ నుంచి ఈ ఏడు ఎంతమందిని సభ్యులుగా పిలిచారు? కోతలు మొదలయ్యాక గుడారాల దగ్గరికి ఎవరు వెళతారు, పేరు చెప్పండి, రాసుకుంటాం.